మైకు అందుకోని మాట

ఆ ఏడు వాన ఎలా కురిసిందంటే, మా డాబా మీద బిగించిన లౌడుస్పీకరు గరాటులో చేపలు కాపురం పెట్టాయి. గరాటు వంచి నీళ్లు పారబోస్తుంటే ఒక చేప తల బయటికి పెట్టి, "ఎవరండీ?" అని అడిగింది. నమ్మకపోతే మా ఆవిడని అడగండి. ఆవిడా నమ్మదనుకోండి, అది వేరే సంగతి.

నాది మైకు సెట్టు పని. సభలు, పెళ్లిళ్లు, ఆటల పోటీలు, నలుగురు పోగైన చోటల్లా నా పెట్టెలు ఉంటాయి. చదువు నాకు అబ్బలేదు, నేనూ దాని వెంట పడలేదు. ఒకడు మెల్లగా అన్న మాట వీధి చివరిదాకా వినబడేలా చేయడం నా వృత్తి. ఆ అలవాటు చేతుల్లోంచి నోటికి కూడా పాకింది. పొద్దున నేను చూసిన ఈగ సాయంత్రం ఇంటికొచ్చేసరికి గద్ద అయి ఉంటుంది. మా వీధిలో వాళ్లు నేను ఎదురైతే ముందు నవ్వేసి, తర్వాత ఏమిటి విశేషాలని అడుగుతారు.

ఆ వానలు మొదలైన కొత్తల్లో ఒక సాయంత్రం మా మేనకోడలు తడిసి ముద్దయి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. మా ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లేది. గొంతు సన్నగా ఉంటుందని మేం దాన్ని పిచ్చుక అని పిలుస్తాం.

"అత్తా, నన్ను నాయకురాలిని చేశారు," అంది, ఎవరికో ఒంట్లో బాగాలేదని చెబుతున్నట్టు.

"దేనికే?" అంది మా ఆవిడ, తువ్వాలు దాని నెత్తిన వేసి రుద్దుతూ.

"మా ప్రార్థన బృందానికి. క్రైస్తవ విద్యార్థులం శుక్రవారం సాయంత్రాలు కలుస్తాం కదా. ఉరుమన్న చదువైపోయి వెళ్లిపోయాడు. ఆయన చోట్లో నేనట."

ఉరుము అని వాళ్లు పిలుచుకునే కుర్రాడు నాకూ తెలుసు. వాడు ప్రార్థన మొదలుపెడితే కాలేజీ బయట సైకిళ్ల స్టాండు కూలేది. నిజం, ఒకసారి కూలింది. గాలి కూడా వీచిందనుకోండి. వాడి తర్వాత పిచ్చుకంటే, పెద్ద గంట తీసేసి ఆ కొక్కేనికి కాలి మువ్వ తగిలించినట్టు.

"ఒద్దని చెప్పకపోయావా?" అంది మా ఆవిడ.

"చెప్పాను. వాన చప్పుడులో మా లెక్కల మేడంకి వినబడలేదు."

మా ఆవిడ పగలబడి నవ్వింది. పిచ్చుక కూడా నవ్వింది గానీ, కళ్లు నవ్వలేదు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మావయ్యా, మేం కలిసే గదికి రేకుల కప్పు. ఈ వానలైపోయేదాకా నీ చిన్న మైకు పెడతావా?" అంది.

"చిన్న మైకేంటే! నువ్వు మాట్లాడితే సముద్రంలో ఓడలు దారి మళ్లేలా పెడతాను."

"చిన్నది చాలు మావయ్యా," అంది.

*

ఆ గది ఒకప్పుడు కాలేజీ సామాను కొట్టు. గోడల వారగా విరిగిన బల్లలు, మధ్యలో వరసగా కుర్చీలు, రేకుల మీద వాన దంచుడు. నేను వెనక మూల నా పెట్టె పెట్టుకుని కూర్చునేవాణ్ని. మైకు సెట్టువాడు మాట్లాడేవాళ్లని చూడడు. వినేవాళ్ల తలకాయలు చూస్తాడు. తలలు వాలుతున్నాయంటే మాట అందడం లేదని లెక్క.

పాట పాడేవాళ్లు, వాక్యం చదివేవాళ్లు, ప్రార్థన చేసుకునేవాళ్లు. అన్నీ అయ్యాక వాళ్లకో పద్ధతుంది. ఆ బృందానికి పెద్దదిక్కు లెక్కల మేడం. ఆవిడ పెట్టిన పద్ధతి అది. దానికి చూసిన మాట అని పేరు. ఒక్కొక్కళ్లూ పక్కవాళ్ల వైపు తిరిగి, ఆ వారంలో వాళ్లు చేసిన మంచి పని ఏదైనా ఒక్కటి, తమ కళ్లతో చూసింది, చెప్పాలి. "నువ్వు చాలా మంచిదానివి" అంటే ఒప్పుకోరు. "నువ్వు బాగా పాడతావు" అన్నా చెల్లదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుంటే చూశావో చెప్పాలి.

మొదటి వారం నన్నూ కూర్చోబెట్టారు. నా పక్కన ఒక కళ్లజోడు కుర్రాడు. నేను లేచి, "ఈ అబ్బాయి ఇందాక కిటికీ మూశాడండీ. మూయగానే గాలివాన సిగ్గుపడి పక్క ఊరికి వెళ్లిపోయింది," అన్నాను.

అందరూ ఘొల్లుమన్నారు. మేడం మాత్రం కళ్లజోడు పైకి తోసుకుని, "వెళ్లడం మీరు చూశారా?" అని అడిగింది.

"ఇంచుమించు చూశానండీ."

"అయితే మీరు వైర్లు చూసుకోండి," అంది నవ్వుతూనే. అప్పటినుంచి ఆ వేళకి నేను వైర్లు చూసుకునేవాణ్ని.

పిచ్చుక విషయానికొస్తే, అది మైకు పట్టుకుంటే మైకే దాన్ని పట్టుకున్నట్టుండేది. రెండు ముక్కలు మాట్లాడి మింగేది. ఉరుమున్నప్పుడు కిటకిటలాడిన గదిలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. గోడవారన కూర్చునే ఒక కుర్రాడు ఉండేవాడు. వాడికి తలపాగాలా పెద్ద క్రాపు. వాడు ఒక శుక్రవారం, "అక్కా, నీ ప్రార్థన మాకు వినబడకపోయినా ఫర్లేదు, పైనున్నాయనకైనా వినబడుతోందా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. అది కూడా నవ్వింది. నవ్వి, మైకు కింద పెట్టేసింది.

ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ దాని గొడుగు నా నెత్తిన, నా నోరు దాని చెవిన.

"ఏం మాట్లాడావే! రేకుల మీద వాన ఆగి మరీ విన్నది."

"మావయ్యా."

"ఆ గోడల్లో ఇటుకలు కన్నీళ్లు పెట్టుకున్నాయి. నేను తుడిచాను."

"మావయ్యా, మొన్న కుక్కరు కూత వేస్తే కూడా నువ్వు ఇలాగే పొగిడావు. ఇంత గొప్ప కూత ఏ దేశంలోనూ లేదన్నావు."

నా నోరు మూతపడింది. మూతపడటం అరుదు కాబట్టి వాన కూడా ఒక్క క్షణం ఆగి చూసింది.

*

వానల మధ్యలో ఒక పెద్ద సభ వచ్చిపడింది. చుట్టుపక్కల కాలేజీల నుంచి వాళ్లలాంటి బృందాల నాయకులందరూ వస్తారు. అలిసిపోయిన పిల్లల్ని మంచి మాటతో ఎలా నిలబెట్టాలి అనేది ఆ రోజు విషయం. మాట్లాడాల్సింది మా పిచ్చుక. ఉరుము కూడా చూడ్డానికి వస్తున్నాడు.

అది వారమంతా అద్దం ముందు నిలబడి తనలో తను మాట్లాడుకుంది. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. నా చేతిలో ఏముంది? మీటలున్నాయి. గొంతుని పెంచే మీట, బరువు పెంచే మీట, ఒక్క మాటని పది చేసి గోడలకి కొట్టి తెచ్చే ఎకో మీట. సభ రోజు పెద్ద హాల్లో నా పెద్ద పెట్టెలు నాలుగు దించాను. ఎవరికీ చెప్పకుండా మూడు మీటలూ ఇంచుమించు చివరికంటా తిప్పాను. ఇవాళ పిచ్చుక నోరు తెరిస్తే డేగ రావాలి, అనుకున్నాను.

అది మైకు ముందుకొచ్చింది. హాలు నిండా జనం. ఉరుము మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అది గొంతు సవరించుకుంటే నాలుగు పెట్టెల్లో నాలుగు లారీలు బయలుదేరినట్టయింది. ఉలిక్కిపడింది. అయినా మొదలుపెట్టింది.

"ఇక్కడున్న చాలామందికి లాగే, నాకూ మాట్లాడాలంటే భయమే."

"భయమే… యమే… మే… మే… మే…" అంది హాలు.

ఎక్కడో వెనకనుంచి మన క్రాపు కుర్రాడు నిక్షేపంలాంటి మేక గొంతుతో "మే" అని జవాబిచ్చాడు. ఇక చూస్కోండి. హాలు హాలంతా మంద అయిపోయింది. నేను కంగారులో ఎకో తగ్గించబోయి గొంతు పెంచాను. పెట్టెలు కూయ్‌మని కూత పెట్టాయి. ముందు వరసల్లోవాళ్లు చెవులు మూసుకున్నారు.

పిచ్చుక మైకు స్టాండులో పెట్టింది. అందరికీ నమస్కారం పెట్టింది. వేదిక దిగి పక్క తలుపులోంచి వెళ్లిపోయింది. పరిగెత్తలేదు. పరిగెత్తినా నాకు బాగుండేది.

సభ అయ్యాక వైర్లు చుడుతుంటే ఎవరో రెండో కొస పట్టుకున్నారు. ఉరుము. తిడతాడనుకున్నాను.

"అంకుల్, నేనున్నప్పుడు జనం బాగా వచ్చేవాళ్లు," అన్నాడు వైరు చుట్టుకుంటూ.

"నీ గొంతు అలాంటిది బాబూ."

"గొంతు వినడానికి వచ్చేవాళ్లు. వాళ్లలో సగంమంది పేర్లు నాకు తెలీవు. మీ మేనకోడలికి అందరి పేర్లూ తెలుసు, చూశారా?" అని, చుట్టిన వైరు నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. వాడు అంత మెల్లగా మాట్లాడగలడని నాకు ఆ రోజే తెలిసింది.

*

ఇంట్లో పిచ్చుక ఒక్క మాటా అనలేదు. మా ఆవిడ మాత్రం దాని వాటా కూడా కలిపి అంది.

"దానికి కావాల్సింది పెట్టెలా? మీరు మాట సాయం చేయమంటే చప్పుడు సాయం చేశారు!"

"మంచికే కదే…"

"మంచికేనండీ. మీరు కాళ్లు పట్టుకోబోయినా ఎదుటివాడు కింద పడతాడు. అదీ మీ మంచి."

పిచ్చుక ఆరేసిన బట్టలు మడతపెడుతోంది. తడి ఆరనివి పక్కన పెడుతోంది. "అత్తా, మావయ్యని ఏమనకు," అంది. "నేను మేడంకి చెప్పేశాను. వచ్చే శుక్రవారం అందరి ముందూ చెప్పి దిగిపోతాను. వేరేవాళ్లని పెట్టుకుంటారు."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఒక్కటి అడుగుతాను మావయ్యా," అంది పిచ్చుక, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని. "నిజం చెప్పు. నేను దీనికి పనికొస్తానా?"

నాకు ఎంత చెప్పాలని ఉందో! నోరు తెరిచాను.

"పనికి రావడమేంటే! నిన్ను చూసి సూర్యుడు కుర్చీ ఖాళీ చేసి కూర్చోమంటాడు!"

అది చిన్నగా నవ్వి, చొక్కా మడతపెట్టి దొంతర మీద పెట్టింది. ఆ నవ్వు నేను మర్చిపోలేను. దాహమేస్తోందని అడిగితే రంగులేసిన ఖాళీ గ్లాసు ఇచ్చినవాడికి మర్యాదగా థాంక్స్ చెప్పినట్టుంది.

*

శుక్రవారం మైకు వద్దంది. చెప్పేది రెండు ముక్కలే, దానికి మైకెందుకంది. గదిలో నాది ఒక వైరు చుట్ట మిగిలిపోయింది, దాన్ని తెచ్చుకునే వంకతో దాని వెనకే వెళ్లాను.

వాన మామూలుగా లేదు. రేకుల మీద గుర్రాలు దౌడు తీస్తున్నాయి. మైకు లేకపోయేసరికి ఒకళ్ల మాట ఒకళ్లకి వినబడక, పిల్లలు కుర్చీలు లాక్కుంటూ లాక్కుంటూ మోకాళ్లు తగిలేంత దగ్గరికి వచ్చేశారు. ఉన్నదే కొంతమంది. పాడారు, చదివారు, ప్రార్థించారు. చూసిన మాట మొదలైంది. ఒకమ్మాయి పక్కమ్మాయికి జ్వరమొస్తే పాఠాలు రాసిపెట్టిందట. కళ్లజోడు కుర్రాడు కాలేజీ ఊడ్చే ముసలాయన బకెట్టు పట్టుకెళ్లాడట. అలా వస్తూ వస్తూ మాట ఒకచోట ఆగిపోయింది. పిచ్చుక పక్క కుర్చీ ఖాళీ. అది క్రాపు కుర్రాడిది. మేకలా అరిచాక వాడికి ముఖం చెల్లలేదేమో, రాలేదు.

"మైకు మావయ్యగారూ," అంది లెక్కల మేడం, "ఆ కుర్చీలో కూర్చోండి. మీ వంతు."

పిల్లలంతా ముందే నవ్వడానికి సిద్ధమైపోయారు. పిచ్చుక తల వంచుకుంది. ఏ గద్దని తెస్తాడో అని దాని భయం.

కూర్చున్నాను. నోరు తెరిచాను. "నేను చూసిందేంటంటే, ఒక రోజు ఆకాశం…" అనేసరికి మేడం నన్ను చూసింది. కోపంగా కాదు. బడిలో పిల్లాడు తప్పు రాస్తుంటే వాడే దిద్దుకుంటాడని ఆగే పంతులమ్మ చూపు. ఆకాశాన్ని అక్కడే వదిలేశాను.

"ఒక సంచి చూశాను," అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు.

"వానలు మొదలైనప్పుడు, ఆ తలుపు దగ్గర ఈ అమ్మాయి కూర్చుంది." ఎదురుగా కూర్చున్న బక్కపలచటి మొదటి ఏడాది పిల్లని చూపించాను. "ఒళ్లో సంచి. రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, లేచి వెళ్లిపోవడానికన్నట్టు. మీటింగు ఇంకా మొదలవలేదు. మా పిచ్చుక కుర్చీల మధ్యనుంచి వెళ్లి, వంగి, దాని చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలీదు. మైకుకి అందలేదు. ఆ పిల్ల సంచి కింద పెట్టింది."

ఇంకేమన్నా కలుపుతానేమో అని అందరూ చూశారు. నేనూ చూసుకున్నాను. కలపడానికి ఏమీ దొరకలేదు.

"అంతే," అన్నాను. "సంచి కింద పెట్టింది. అది చూశాను."

నా జన్మలో నేను చెప్పిన అన్నిటికన్నా పొట్టి కథ అది. ఎవరూ నవ్వలేదు. రేకుల మీద వాన ఒక్కటే చప్పుడు. అది ఆగలేదు. ఆగిందని నేను చెప్పను.

ఆ బక్కపిల్ల కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. "అందులో నా బట్టలున్నాయి," అంది. "ఆ రోజు ఇంటికెళ్లిపోదామని సర్దుకొచ్చేశాను. ఇక్కడ నాకెవరూ తెలీదు. బస్సు టైమయ్యేదాకా వాన తగలకుండా కూర్చుందామని వచ్చాను, అంతే."

"అక్క ఏం చెప్పింది?" అన్నాడు కళ్లజోడు కుర్రాడు, ముందుకు వంగి.

"'నిన్న ల్యాబులో గాజు సీసా పగిలితే, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా ముక్కలన్నీ నువ్వు ఏరావు. నేను చూశాను,' అంది. నేను చేసింది ఇక్కడ ఎవరో చూశారని… అందుకని కింద పెట్టాను."

కుర్చీలు కిర్రుమన్నాయి. ఇంకో అమ్మాయి, "నాకు కూడా చెప్పింది, ఇంటర్నల్స్ పరీక్షలప్పుడు," అని మొదలుపెట్టి, మధ్యలో ముక్కు చీదుకుంది. కళ్లజోడు కుర్రాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వారాల తరబడి మైకులో మింగేసిందనుకున్న మాటలన్నీ అది చెవుల్లో పంచిపెట్టిందన్నమాట. నా పెట్టెలు పక్కనే ఉండీ ఒక్కటీ పట్టుకోలేకపోయాయి.

లెక్కల మేడం కళ్లజోడు పైకి తోసుకుంది. "నువ్వు ఇవాళ అందరికీ ఏదో చెప్పాలన్నావు కదమ్మా?" అంది పిచ్చుకతో.

పిచ్చుక తల ఎత్తింది. చుట్టూ చూసింది. ఇందాకటినుంచి నేను దాని తలకాయే చూస్తున్నాను.

"అవును మేడం," అంది. "ఇకనుంచి మైకు వద్దు. కుర్చీలు ఇలాగే దగ్గరగా వేసుకుందాం అని."

"అంతేనా?"

"అంతే మేడం."

నా బేరం పోయింది. అంత సంతోషంగా బేరం పోగొట్టుకున్నవాణ్ని మా వృత్తిలో మీరు చూడరు.

అప్పుడే తలుపు దగ్గర అలికిడి. క్రాపు కుర్రాడు, గొడుగు లేకుండా, క్రాపంతా నుదుటికి అతుక్కుపోయి, లోపలికి రావాలా వద్దా అని గడప మీద నిలబడి ఉన్నాడు. పిచ్చుక లేచి వాడి దగ్గరికి వెళ్లింది. వాడు పొడుగు, అది మునివేళ్ల మీద నిలబడి వాడి చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు తెలీదు. వాడు ముందు నవ్వబోయాడు, తర్వాత ముఖం తిప్పుకున్నాడు. నేను కుర్చీ ఖాళీ చేశాను. వచ్చి కూర్చున్నాడు.

*

ఇంటికొచ్చాక మా ఆవిడ గుమ్మంలోనే, "ఏమైందండీ అక్కడ?" అంది.

"ఏమీ లేదు. కుర్చీలు దగ్గరికి జరిపారు," అన్నాను.

ఆవిడ నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది, జ్వరమేమో అని.

పిచ్చుక వంటగదిలో ఆవిడకి అంతా చెప్పినట్టుంది. భోజనాల దగ్గర కూర్చున్నాక, "ఇంట్లో కూడా చూసిన మాట చెప్పుకుందాం," అంది. "అత్తా, నువ్వు మావయ్యకి చెప్పు."

"ఈయన గురించా? చూసిందే చెప్పాలా?"

"చూసిందే."

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను వెక్కిరించడానికి ఆవిడ ఎప్పుడూ మాటలు వెతుక్కోలేదు. ఆ రోజు వెతుక్కుంది.

"ఇందాక వైరు చుట్ట భుజాన వేసుకుని వస్తుంటే కిటికీలోంచి చూశాను," అంది. "అరుగు మీద వాళ్లు ఏమిటి విశేషాలని పిలిచారు. మీరు చెయ్యి ఊపి, ఎవరికీ ఏమీ చెప్పకుండా లోపలికి వచ్చేశారు."

కంచంలో ఏముందో ఆ పూట నాకు గుర్తులేదు. పిచ్చుక మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

ఆ పద్ధతి మా ఇంట్లో అలా మొదలై, ఉండిపోయింది. తర్వాతి వానలకి ఆ బృందానికి ఎవరు నాయకురాలో చెప్పమంటారా? సంచి పిల్ల. దానికి ఆ కుర్చీ ఇచ్చిన రోజు మా పిచ్చుక ఉపన్యాసమేమీ ఇవ్వలేదట, చెవిలోనే చెప్పిందట.

ఇప్పటికీ ఎక్కడ మైకు కడుతున్నా, పెట్టెలు వేడెక్కేలోపు ఎవరైనా ఒక కథ చెప్పమంటే ఇదే చెబుతాను. చేపల దగ్గర కొంచెం పెంచానని మీకీపాటికి తెలిసే ఉంటుంది. సైకిళ్ల స్టాండుకి కూడా కొంచెం గాలి కొట్టాను. సంచి మాత్రం పెంచలేదు. అది ఆ పిల్ల ఒళ్లో ఎంతుందో అంతే.